పదికి ఎన్ని?

మా మార్కుల మాస్టారు ఎదురుపడిన మనిషినల్లా ఒకటే అడిగేవారు: "ఇవాళ సంతోషం పదికి ఎన్ని?"

బడిలో ఒక్కరోజు కూడా పాఠం చెప్పిన మనిషి కాదు. నీటి సరఫరా ఆఫీసు ఫిర్యాదుల విభాగంలో మాకు హెడ్ క్లర్కు. మార్కుల పుణ్యమా అని మాస్టారయ్యారు. నీళ్ళు రావడం లేదని కొందరు, నీళ్ళు ఆగడం లేదని కొందరు పొద్దుటినుంచీ మా మీద విరుచుకుపడే చోటది. అక్కడ సంతోషానికి మార్కులడగడమంటే బట్టతలవాడికి దువ్వెన అమ్మడమే.

అయినా ఆయన మానలేదు. చెప్పిన అంకెను ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేవారు. అర మార్కులు మాత్రం చచ్చినా ఒప్పుకునేవారు కాదు. ఎవరైనా ఐదున్నర అంటే, అర అన్నవాడు ఏదో దాస్తున్నాడని ఆయన సిద్ధాంతం. ఐదో ఆరో తేలేదాకా కదలనిచ్చేవారు కాదు.

ఒకసారి మా ఆఫీసరు పైవాళ్ళచేత చీవాట్లు తిని వస్తుంటే గుమ్మంలోనే పట్టుకున్నారు. ఆఫీసరు పళ్ళు నూరుతూ సున్నా అన్నాడు. "పోనీలెండి సార్, రేపు తగ్గుతుందన్న భయం లేదు," అని రాసుకుని వెళ్ళిపోయారు. మూడు రోజులుగా కుళాయి రాలేదని ఖాళీ బకెట్టుతో వచ్చిన ఒకావిడనీ వదల్లేదు. ఆవిడ బకెట్టు ఎత్తింది. ఆయన తల కాచుకుంటూనే పుస్తకంలో ఒకటి వేసుకున్నారు. నాలుగోనాడు ఆవిడ పనిగట్టుకుని వచ్చి, నీళ్ళొచ్చాయి, ఎనిమిది వేసుకోమని చెప్పి మరీ వెళ్ళింది.

ఆయనకి ఇంకో తిక్క కూడా ఉండేది, సీట్లు మార్చడం. మాకు మూడు కిటికీలు. మొదటి రెండింట్లో అర్జీలు తీసుకుంటాం. అర్జీ ఇచ్చినా పని జరగనివాళ్ళు మూడో కిటికీకి వస్తారు. తిట్లన్నీ అక్కడే. అక్కడ కూర్చున్నవాణ్ణి ఉన్నట్టుండి లేపి, "నీ మొహాన ఎండ పడుతోందోయ్, అటెళ్ళు," అని తానే కూర్చునేవారు. మబ్బు పట్టిన రోజున కూడా ఎండే. పెద్దాయనకి చాదస్తం ముదిరిందని నవ్వుకునేవాళ్ళం. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

తొందరగా వదుల్తారని నేను రోజూ పదికి పది చెప్పేవాణ్ణి. మా నాన్న పక్షవాతంతో మంచాన పడిన ఏడాది కూడా పదే. పొద్దున్నే ఆయనకి ఒళ్ళు తుడిచి, నాలుగు ముద్దలు తినిపించి, పరుగున వచ్చి మూడో కిటికీలో కూర్చునేవాణ్ణి. ఇంటి కష్టం ఆఫీసులో చెప్పుకోవడం నామోషీ అనుకున్నాను. కిటికీలో తిన్న తిట్లన్నీ ఇంటికి మోసుకెళ్ళి, నోరు తిరగని నాన్న మీద విసుక్కునేవాణ్ణి.

మాస్టారు నన్ను మాత్రం రోజుకి రెండుసార్లు అడిగేవారు. ఇంకోసారి ఆలోచించి చెప్పమనేవారు. ఒకరోజు ఒళ్ళు మండి, అందరిముందూ అనేశాను.

"మీకేం పనిలేదా మాస్టారూ? మీ మార్కులు మీ దగ్గరే ఉంచుకోండి."

ఆయన పుస్తకం మూసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు మళ్ళీ వచ్చారు. ఈసారి కాస్త మెల్లగా అడిగారు. నేను తలెత్తకుండానే పది అన్నాను. ఆ ఏడాది చివర్లో నాన్న పోయారు.

మాస్టారు రిటైరయ్యాక ఆయన బల్ల నాకొచ్చింది. మొన్న అడుగు సొరుగు సర్దుతుంటే ఆ పుస్తకం దొరికింది. ఎవరైనా మూడో నాలుగో చెప్పిన చోటల్లా పక్కన "మూడో కిటికీ నుంచి లేపాలి" అని ఉంది. ఆ కిందే "లేపాను. ఎండ అన్నాను" అని ఉంది.

నా పేజీల నిండా పదులే. ఒక్కచోట మాత్రం ఇలా రాసుకున్నారు: "పది అంటున్నాడు. మొహంలో మూడు కూడా లేవు. తను చెప్పకుండా లేపితే చిన్నబుచ్చుకుంటాడు. అడుగుతూ ఉండాలి." తేదీ చూశాను. నేను ఆయన్ని కసిరిన రోజది. నేను ఒక్కసారి మూడు చెప్పి ఉంటే ఆ కిటికీ తప్పేది, నాన్నకి నా విసుగు కొంతైనా తప్పేది. ఆ బాధ నన్ను వదలడం లేదు.

ప్రతి పేజీ అడుగునా "నేను" అని ఒక గడి ఉంది. పుస్తకమంతా ఆ గడి ఖాళీ. ఆయన వేసుకోలేదు, మేమెవరమూ అడగలేదు.

ఆదివారం ఆ పుస్తకం చంకన పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. తలుపు తీయగానే అడిగాను.

"మాస్టారూ, ఇవాళ పదికి ఎన్ని?"

ఆయన తడబడ్డారు. తననేనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకున్నారు. చాలాసేపు ఆలోచించి, సిగ్గుపడుతూ, "ఆరున్నర," అన్నారు.

"అర మార్కులు లేవు. ఆరా, ఏడా?"

"ఏడు వేసుకో. ఇంతదూరం వచ్చావుగా." నేను గడిలో ఏడు వేసేదాకా చూసి, "మరి నీకో?" అన్నారు.

"మూడు," అన్నాను. ఆయనకి నేను చెప్పిన మొదటి నిజం అదే.

నేను లోపలికెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూలబడగానే మాస్టారు భుజం పట్టుకుని లేపి, తన మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఇటు రావోయ్. అక్కడ ఎండ పడుతుంది."

బయట వాన కురుస్తోంది.