బొజ్జ అక్షరాల పెళ్లిపత్రిక

ఆ రోజుల్లో నంద్యాలలో గోడ ఖాళీగా ఉందంటే అది నా చేతిపని కోసం ఎదురుచూస్తోందనే అర్థం. సాయిబుగారి ప్రెస్సులో పనిచేసేవాణ్ణి. అక్కడి సీసపు అక్షరాలు నాటకాల పోస్టర్లకు ఆనేవి కావు. అందుకని టేకు చెక్కలో నేనే జానెడేసి అక్షరాలు చెక్కాను. ఒక్కొక్కదానికీ ఇంత పొట్ట, మీసాల్లా మెలితిరిగిన కొమ్ములు, పక్కకు జారిన రుమాలులాంటి తలకట్టు. జనం వాటికి బొజ్జ అక్షరాలని పేరు పెట్టారు. (గిట్టనివాళ్లు ఇంకేదో అనేవారు, అది అచ్చులో వేసేది కాదు.) ఆళ్లగడ్డ దాకా చదువు రానివాడు కూడా ఆ బొజ్జలు కనపడగానే నాటకం వచ్చిందని చాప చంకన పెట్టుకునేవాడు.

ఆ ఆళ్లగడ్డలోనే నాకు పిల్ల కుదిరింది. పత్రికకని సాయిబు సన్న అక్షరాలు తీశాడు. "పెండ్లికి ఇవి చాల్రా. ఆ బొజ్జలు నాటకాలకు" అన్నాడు. "ఊరోళ్ల పేర్లన్నీ నా అచ్చరాల్లో ఏసి, నా పెండ్లికి ఈ చీమలా అన్నా?" అని పిల్ల పేరూ నా పేరూ ఎర్ర సిరాతో గోడ సైజులో కొట్టేశాను. అంతటితో ఆగితే నేనెందుకవుతాను? బస్సు డ్రైవరుకు ఓ కట్ట ఇచ్చి ఆళ్లగడ్డ గోడలన్నిటికీ అంటింపజేశాను.

ముహూర్తం దీపాలు పెట్టే వేళకు. అప్పటికే పందిరి ముందు చాపలు పరుచుకుని ఊరు ఊరంతా కూర్చుంది. "తెర యాడ కడతారప్పా?" అని ఒకాయన మా మామనే అడిగాడు. మామ తలకు చుట్టిన రుమాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "నేను పిల్లనిస్తాండేది మనిషికా, నాటకాలోడికా? పెండ్లీ లేదు, ఏమీ లేదు. బండ్లు కట్టుకోని పోండి" అన్నాడు. బాసికం కింద నాకు చెమటలు పట్టాయి. అయినా నోరు ఊరుకుంటేనా? "ఇంతమందిని పిలుచుకోనొచ్చిన అచ్చరాలది తప్పెట్లయితాది మామా?" అన్నాను. మా నాయన నా కాలు తొక్కాడు.

ఇంతలో పెళ్లికూతురే గడప దాటి వచ్చింది. "నా పేరు ఎవురన్నా ఇంత పెద్దగా ఏసినారా నాయనా, ఇన్నేండ్లకు? నేను ఆయప్పనే చేసుకుంటా" అంది. మామ జనం వైపు తిరిగి, "ఇదేప్పా నాటకం, చూడండి" అని రుమాలు చుట్టుకున్నాడు.

మూడో ముడి పడగానే వెనకనుంచి ఎవరో "వన్స్‌మోర్" అన్నారు. ఇక చాపలన్నీ అందుకున్నాయి. కళాకారుణ్ణి కదా, కాదనలేక నాలుగో ముడి కూడా వేశాను. (పెళ్లి చేయించే అయ్యవారు నా చెయ్యి పట్టుకునేలోపే.)

ప్రెస్సు ఎప్పుడో మూతపడింది. బొజ్జలన్నీ ఒక వానాకాలం పొయ్యిలోకి పోయాయి. ఆమె పేరులోని మొదటి అక్షరం ఒక్కటే మా తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం కాస్తోంది. మొన్న మనవరాలి పెళ్లిపత్రిక వస్తే మా ఆవిడ దాన్ని కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసి నా ఒళ్లో పడేసింది. "ఈ సన్న అచ్చరాలకు ఆ పిల్లోడు మూడు ముడ్లే ఏస్తాడు" అంది. ఆనాడు నాలుగో ముడి వేసిన నాలోని ఆ వెర్రి కుర్రాడు ఇంకా ఉండి ఉంటే వినాల్సిన మాట.