కుండ మీద బొగ్గు నంబరు

"ఇది తొమ్మిదో నంబరు మంచం. ఎదురుంగున్నది పదకొండు. ఏది చిన్నదే?" దవాఖానల పండుకొని అడిగిండు మా ఆయన.

"తొమ్మిదే. ముసలిదాన్నైనంక గూడ పరీక్షలేనా?" అన్న.

నవ్వుకుంట కండ్లు మూసిండు. గవే ఆయనతోని నా ఆఖరి మాటలు.

ఆ పరీక్షలు మొదలైంది గోదావరిఖనిల, నా పెండ్లైన కొత్తల. మా బొగ్గుగనోళ్ల ఇండ్ల లైనుకంతటికి ఒక్కటే నీళ్ల నల్ల. పొద్దుగాల కొంచెం సేపే వచ్చేది. రోజు కొట్లాటలైతున్నయని ఆడోళ్లందరం ఒక మాటనుకున్నం. మొగోళ్లకు గనిల ఇచ్చే బిళ్ల మీది నంబరు కుండ మీద బొగ్గుతోని గియ్యాలె, చిన్న నంబరోళ్లు ముందు పట్టుకోవాలె.

మాది 98. పక్కింటక్కది 102. నాకు వచ్చింది ఒకటికెల్లి తొమ్మిది దాకనే. మొదటి అంకె చూసి, ఒకటి చిన్నది, తొమ్మిది పెద్దది గదా అని నేనే నా కుండ తీస్కపోయి అక్క ఎనుక పెడుతుంటి. 110 వచ్చినా జాగ ఇస్తుంటి. ఒక్కరు వద్దనలె. పైకెల్లి, కొత్తకోడలు ఎంత మంచిదో అని మెచ్చుకుంటుండిరి. నా వంతు వచ్చేసరికి నీళ్లు అయిపోయి నల్ల బుస్సుమంటుండె. రాత్రి షిఫ్టు దిగి, కండ్లు పండ్లు తప్ప అంత నల్లగ వచ్చిన మనిషికి తానానికి చెంబెడు నీళ్లు. రోజు గదే ఫికర్.

ఒకనాడు మనం ఎనుక ఎందుకు పడుతున్నమని అడిగిండు. చెప్పిన. గోడకు ఒరిగి కడుపు పట్టుకొని నవ్విండు. తర్వాత బొగ్గుతోని కిందనే రెండు నంబర్లు గీసిండు.

"ముందుగాల ఎన్ని అంకెలున్నయో చూడు. రెండంకెలది మూడంకెలదానికంటె ఎప్పుడు చిన్నదే. సమానంగుంటెనే ఎడమదిక్కుకెల్లి చూసుకుంట రా."

తెల్లారి నా కుండ ముందుకు తీస్కపోయిన. అక్క నడుము మీద చెయ్యేసుకున్నది.

"ఏందే చెల్లె, తొమ్మిది ఒకటికంటె ముందు ఎప్పటికెల్లి వచ్చింది?"

"నీదానికి మూడంకెలక్క. నాదానికి రెండే."

"అయ్యో, మీ ఆయన ఇంట్ల బడి పెట్టిండే. ఇగ మమ్ముల బతకనియ్యడు," అనుకుంట తన కుండ ఎనుకకు గుంజుకున్నది. అందరు నవ్విండ్రు, నేను గూడ.

ఆ పొద్దు మా ఆయనను తెల్లగ అయ్యేదాక కడిగిన. అప్పటికెల్లి బస్సు మీద, దుకాణం మీద యాడ నంబరు కనవడ్డా ఏది పెద్దదో అడుగుడే. ఆఖరుకు మంచం మీద గూడ ఇడువలె. నేనూ ఒక్క జవాబు తప్పు చెప్పలె.

నేను చెప్పిందంత రాసినవు గదా, ఇగ మొదటికెల్లి సదువు బిడ్డా. 98 కాడ ఆగు. ఆ నంబరు నేను సదువుత.