మేకుకు తగిలించిన గడియారం

ఇప్పుడు ఎవరన్నా "ఎట్లుండావమ్మా" అని అడిగితే "నడుము నొప్పి" అని గట్టిగా సెప్తాను. ముందర అట్ల సెప్పేదాన్ని కాదు. సెప్పినాక పానం ఎంత నిమ్మళంగా ఉందో, ఆ సంగతి సెప్పాలనే ఇది రాయిస్తాండా. నాకు సంతకం పెట్టేది, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేది తప్ప సదువు రాదు. నేను సెప్తాంటే మా టీచరమ్మ రాస్తాంది. ఆయమ్మది మంత్రాలయం దిక్కు. బళ్ళో పాఠాలు సెప్పి సెప్పి ముసలిదైంది. కాళ్ళు రావు గాని సేతులు బాగుండాయి. నేను మాట్లాడినట్లే రాయి తల్లీ, దిద్దద్దు అన్నాను. "దిద్దకుండా రాయడం నా జన్మలో ఇదే మొదలు" అని నవ్వుతాంది.

నేను ఆదోనిలో ముసలోళ్ళ ఆశ్రమంలో ఆయాను, టీచరమ్మ ఉండేది గూడా ఈడనే. మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. మా ఇంటాయప్ప ఉన్నన్నాళ్ళు ఆయన నేస్తాంటే నేను నూలు కండెలు సుడతాంటి, ఆయనకు బాగలేనప్పుడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని నేనే నేస్తాంటి. ఆయన పోయినాక మగ్గం పోయింది, ఇల్లు మరుదులకు పోయింది. ఈడ పనిచ్చి, వంటింటి పక్కన పడుకునేకి ఒక గది ఇచ్చినారు. అందుకే నాకు ఈ పని పోతే పని ఒకటే పోదు. తల పెట్టుకునే సోటు గూడా పోతాది. ఇది మీరు మనసులో పెట్టుకుంటే నేను అబద్ధాలు ఎందుకు సెప్పినానో తెలుస్తాది.

మేము ముగ్గురం ఆయాలం. నేను, ఆలూరు నుంచి వచ్చినామె, ఇంకొక సిన్నామె. ముసలోళ్ళకు నీళ్ళు పోసేది, తుడిసేది, బట్ట మార్సేది, మంచం మీంచి కుర్సీలోకి, కుర్సీలోంచి మంచం మీదికి ఎత్తేది. ముసలోళ్ళు సూసేకి ఎండిన కట్టెల మాదిరి ఉంటారు గాని, ఎత్తితే తడిసిన పత్తి మూట బరువు. శానా దినాల నుంచి నా నడుములో నిప్పు పెట్టినట్లు ఉంటాది. పొద్దున్నే లేస్తే గోడ పట్టుకోని నిలబడేది. ఎవరికీ సెప్పలేదు. ఎందుకంటే ముందర మాతో పాటు ఇంకొకామె ఉండె. ఆమెకు నడుము పట్టేసింది. ఊరికి పోయింది, మళ్ళా రాలేదు. సారు తీసేసినాడు అని మేము అనుకుంటిమి. సారు అంటే మా ఆశ్రమం సూసుకునేటాయప్ప. ఆయన్ను మేము అడిగిందీ లేదు, ఆయన సెప్పిందీ లేదు.

అట్లుండంగా పెద్ద డాక్టర్ల కాలేజీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చినాది. సన్నగా, కండ్లద్దాలు, మాట మెత్తన. మమ్మల్ని వరండాలో కూసోబెట్టి, "రోగుల మీద పరిశోధన చాలామంది చేస్తారమ్మా. ముసలివాళ్ళను చూసుకునే మీ ఆరోగ్యం ఎట్లా ఉందో ఎవరూ చూడలేదు. మిమ్మల్ని ఎవరు చూసుకుంటున్నారు?" అన్నాది.

ఆలూరామె ఊరుకుంటాదా? "మమ్మల్ని పైనున్నాయప్ప సూసుకుంటాడు మేడమ్. ఆయనకు డ్యూటీ మారదు, సెలవు గూడా లేదు" అనింది. డాక్టరమ్మ పడి పడి నవ్వినాది.

మీ పేర్లు యాడా రావు, మీరు సెప్పింది సారుకు సెప్పను అని కాయితం సదివి వినిపించినాది. నేను నమ్మలేదు. ఉండేది ముగ్గురం. ముగ్గురిలో ఒకరికి నడుము నొప్పి అంటే ఆ ఒకరు ఎవరో సారుకు తెలీదా? రోజూ గోడ పట్టుకునేది ఎవరు?

తర్వాత ఒక్కొక్కరినే పిల్సి అడిగినాది. నేను టీచరమ్మకు తల దువ్వుతాంటి, ఆడికే వచ్చి కూసున్నాది.

"నడుము నొప్పి ఉందా అమ్మా?"

"లేదు తల్లీ."

"మోకాళ్ళు?"

"బాగుండాయి."

"నిద్ర పడుతుందా?"

"పండుకుంటే సాలు."

"మనసుకు ఎప్పుడైనా కష్టంగా ఉంటుందా?"

"మనసా? దానికేం, అది పని సేయదు గదా."

మా ఇండ్లల్లో అంతే. సుట్టాలు గడప తొక్కి బాగుండారా అంటే, పొయ్యిలో పిల్లి పండుకున్నా "బాగుండాము, రాండి" అనాల్సిందే. బాగలేదు అని నోటితో అంటే బాగలేనిది ఇంకో రెండు దినాలు ఉండిపోతాదని మా అత్త అంటాండె. కానీ ఆపొద్దు నేను బాగుండాను అనింది మర్యాదకు కాదు, భయానికి. టీచరమ్మ మంచం మీద నుంచి నోరు తెరవబోయింది. నేను దువ్వెనతో జుట్టు గట్టిగా లాగినాను. "అబ్బా" అని ఊరుకునింది. ఇప్పుడు ఇది రాస్తా గూడా తల తడుముకుంటాంది.

డాక్టరమ్మ పోతా పోతా మా ముగ్గురికీ సేతి గడియారాలు ఇచ్చినాది. నల్ల రబ్బరుది, ముల్లు లేదు, అంకెలు లేవు. తిరగేస్తే పచ్చ దీపం మిణుకు మిణుకు మంటాది. గుండె ఎట్ల కొట్టుకుంటాంది, ఎంత నడుస్తాండాము, ఎట్ల నిద్రపోతాండాము, అన్నీ దానికి తెలుస్తాయంట. రాత్రింబగళ్ళు సేతికే ఉండాల, స్నానం అప్పుడు మాత్రం తీయొచ్చు అని సెప్పినాది.

నాకు సెయ్యి ఇయ్యాలంటే అదో మాదిరి అయింది. ఆయన పోయినాక ఆ మణికట్టుకు ఏమీ లేదు. మగ్గం ఉన్నప్పుడు గూడా పనికి కూసున్నామంటే గాజులు తీసి మేకుకు తగిలించేది. గాజు అంచు తగిలితే పడుగులో పోగు తెగుతాది. పని అయినాక మళ్ళా తొడుక్కునేది. ఆయన పోయిన దినం తీసినవి మాత్రం ఏ మేకుకూ తగిలించలేదు. ఇన్నేండ్లకు ఆ సేతికి ఒకటి వచ్చిందా అని ఊరికే సూసుకున్నాను.

తెల్లారి ఒక తాతకు నీళ్ళు పోస్తాంటే ఆ గడియారం బక్కిల్ ఆయన ముంజేతికి గీసుకునింది. ముసలోళ్ళ తోలు ఉల్లిపొర మాదిరి ఉంటాది, ఎర్రగా గీత పడింది. నా పానం ఉసూరుమనింది. ఇంకేముంది, మగ్గం కాడి అలవాటు సేతికి వచ్చేసింది. గడియారం తీసి టీచరమ్మ గది వాకిలి మేకుకు తగిలించినాను. పని అయి, సబ్బుతో సేతులు కడిగి, తుడుసుకోని, బువ్వకు కూసునేటప్పుడు కట్టుకున్నాను. నన్ను సూసి మిగతా ఇద్దరూ అదే పని. మేకుకు మూడు గడియారాలు వేలాడుతాంటే టీచరమ్మ, "రైల్వే స్టేషన్లో కూడా ఇన్ని లేవే" అనేది. మేము దాన్ని ఎంత జాగ్రత్తగా సూసుకుంటిమో. రోజూ కొంగుతో తుడుస్తాంటిమి.

డాక్టరమ్మ మళ్ళా వచ్చినాది. గడియారాలు తీసుకోని మిషన్‌కు తగిలించి సూస్తాంది. సారు పక్కనే నిలబడినాడు. ఆయమ్మ మొగంలో నవ్వు పోయింది. అటు సూస్తాది, ఇటు సూస్తాది.

"ఏమమ్మా, మీరు పగలంతా కూర్చునే ఉన్నారా? అసలు నడిచినట్టే లేదు. గుండె కూడా ఒక్కోసారి గంటలకొద్దీ లేదు."

సారు గొంతు సవరించుకున్నాడు. "చూడండి మేడమ్. నేనడిగితే పని ఎక్కువ అంటారు. నొప్పి అని ఒక్కరూ ఎప్పుడూ అనరు, నడక కూడా లేదు. ముగ్గురెందుకు, ఇద్దరు చాలు అని మా కమిటీవాళ్ళు ఎప్పటినుంచో అంటున్నారు."

సూడండప్పా నా తెలివి. నొప్పుందంటే తీసేస్తారని నొప్పి దాసుకుంటి. ఇప్పుడు నొప్పి లేదు, పని లేదు అని తీసేసేటట్లు ఉండారు. ఇద్దరు సాలంటే ముగ్గురిలో పెద్దదాన్ని నేనే.

"గుండె లేదంటే మేము సచ్చిపోయినామా మేడమ్?" అనింది ఆలూరామె. "సచ్చిపోయి గూడా నీళ్ళు పోస్తాండాము, సూడండి."

లోపల నుంచి టీచరమ్మ బళ్ళో గొంతుతో అర్సింది. "రోజంతా కూర్చుంటే నన్ను ఎత్తేది ఎవరు? దయ్యమా? డాక్టరుగారూ, ఆ వాకిలి మేకు చూడండి!"

అప్పుడు నాకు ఎలిగింది. "మేడమ్, పని సేసేటప్పుడు అది మేకుకు ఉంటాది" అన్నాను.

"మేకుకా? తీయొద్దని చెప్పాను కదమ్మా."

"సెప్పినావు తల్లీ. స్నానం అప్పుడు తీయొచ్చు అంటివి గదా. మా పనంతా స్నానమే. ఒకరికి అయితే ఇంకొకరికి."

డాక్టరమ్మ లేసి పోయి ఆ మేకును తడిమి సూసినాది. తర్వాత తలకాయ కొట్టుకోని నవ్వినాది. "అయితే నేను ఇన్నాళ్ళూ ఈ మేకు ఆరోగ్యం రాసుకున్నాను. మేకు చాలా ప్రశాంతంగా ఉంది." సారు గూడా నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయమ్మ అది కనిపెట్టింది. సారును కొంచేపు బయటుండమని సెప్పి, నా పక్కన కూసున్నాది. "ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నానమ్మా. నడుము నొప్పి ఉందా?"

బాగుండాను అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. అలవాటు. టీచరమ్మ నన్నే సూస్తాంది. దువ్వెన నా దగ్గర లేదు.

"ఉండాది తల్లీ" అన్నాను. అనంగానే కండ్లలో నీళ్ళు కారిపోయినాయి. "నడుము పోయింది. గోడ పట్టుకోనిదే లేయలేను. దగ్గితే గూడా ఆడ గుచ్చుతాది. సెప్పేసినాను. ఇప్పుడు నన్ను పంపిస్తారా?"

నేను అనంగానే ఆలూరామె, "నాకు భుజం మేడమ్, సెయ్యి పైకి లేయదు" అనింది. ఇన్నేండ్లు ఒకే కాడ తింటాండాము, నాకే తెలీదు ఆమె భుజం సంగతి. సిన్నామెకు నిద్ర రాదంట. ఒక అవ్వ తన సేతుల్లో పోయినప్పటి నుంచి కండ్లు మూస్తే ఆ అవ్వ మొగమే అంట. ఆ సంగతి గూడా ఆపొద్దే తెలిసింది.

పేర్లు రావు అనేది డాక్టరమ్మ మళ్ళా నిదానంగా సెప్పినాది. మా ఆశ్రమం ఒకటే కాదు, ఎమ్మిగనూరులో, కర్నూలులో శానా కాడ అడుగుతాండారంట. అందరివీ కలిపి రాస్తారంట. ఆలూరామెకు నాకంటే ముందరే అర్థమయింది. "ఓ, మార్కెట్లో పత్తి కుప్ప పోసినట్లు. కుప్ప పోసినాక ఏ దూది ఎవరి సేనుదో ఎవరు సెప్తారక్కా" అనింది.

"కానీ మీ ఆశ్రమంలో ఏం మారాలో ఆయనకు చెప్పాలంటే మీరు ఒప్పుకోవాలి" అన్నాది డాక్టరమ్మ. మేము ఒకరి మొగం ఒకరు సూసుకున్నాము. సెప్పు తల్లీ, ఇంక దాసేదేముంది అన్నాను.

సారు లోపలికి వచ్చి అంతా విన్నాడు. "ఎందుకమ్మా నాకు చెప్పలేదు?" అన్నాడు.

"ముందరామెను నడుము పట్టేసిందని తీసేసినారు గదా సారూ."

ఆయప్ప నిజంగానే బిత్తరపోయినాడు. "తీసేశానా? ఎవరన్నారు? కూతురి కాన్పుకని పోయింది, మనవడిని వదిలి రాలేనని అక్కడే ఉండిపోయింది. నేను రెండు సార్లు కబురు పెట్టాను." ఆపొద్దే ఫోన్ కలిపి మాట్లాడించినాడు గూడా. ఆమె ఆ పక్క నుంచి, "మనవడు నడుము మీద ఎక్కి ఆడతాండాడక్కా, ఈడ గూడా బరువే" అని నవ్వుతాంది. మేము ముగ్గురం నేల సూస్తాండాము. ఎన్ని దినాల భయం, ఎవరూ పెట్టని భయం, మేమే నేసుకున్నాము.

ఎక్స్‌రే తీయించినారు. అది వచ్చేదాకా నాకు బువ్వ దిగలేదు. డాక్టరమ్మ దాన్ని కిటికీకి ఎత్తి సూసి, "ఎముకల అరుగుదలమ్మా. ఆపరేషన్ అవసరం లేదు. పని చేసుకోవచ్చు, కానీ ఇట్లా కాదు" అన్నాది. పని సేసుకోవచ్చు అనే మాట ఇంకొకసారి సెప్పించుకున్నాను.

గడియారాలు మళ్ళా కట్టినారు, ఈసారి కాలికి. ముసలోళ్ళకు గీసుకోదు. "ఈ వయసులో కడియం పెట్టింది సూడు" అని ఆలూరామె ఎక్కిరిచ్చింది. నీకూ ఉంది గదమ్మే అన్నాను. ఈ సారి మిషన్ మాటాడింది, మేము ఎంత నడుస్తాండామో అంతా సూపించింది. దాన్ని సూసి సారు ఇద్దరు సాలు అనే మాట మళ్ళా ఎత్తలేదు. ఒక్కరే ఎత్తగూడదు, ఇద్దరు కలిసి ఎత్తాల అని గోడకు రాయించినాడు. మంచాల కోళ్ళ కింద కట్టె దిమ్మెలు పెట్టించినాడు, ఇప్పుడు వంగే పని తగ్గింది. మనిషి కింద గట్టి దుప్పటి పరిసి, ఆ పక్కొకరు ఈ పక్కొకరు పట్టి జరిపేది డాక్టరమ్మ నేర్పించినాది. దుప్పట్లు మా ఎమ్మిగనూరు నుంచే తెప్పించినారు. అంచు పట్టుకుంటానే తెలిసిపాయె, సేతి మగ్గానిది. సిన్నామెకు రాత్రి డ్యూటీ తప్పించి, మాట్లాడేకి ఒక డాక్టరు దగ్గరికి పంపిస్తాండారు. మొన్న నాతో, నిన్న రాత్రి కలలో ఏమీ రాలేదక్కా అనింది.

నొప్పి పోయిందని నేను అనను. తగ్గింది. గోడ పట్టుకోకుండా లేసే దినాలు గూడా ఉండాయి. లేయలేని దినం "ఈపొద్దు నాకు బాగలేదు" అంటాను, ఎవరో ఒకరు వస్తారు. ఆ మాట అనేకి భయం లేదు, అదే నాకు మందు.

ఇంకేమన్నా ఉందా అని టీచరమ్మ అడుగుతాంది. కలం పక్కన పెట్టి వేళ్ళు విరుసుకుంటాంది. "ఏమైంది" అంటే "ఏం లేదు, బాగానే ఉంది" అనింది. నేను అట్లే సూస్తాండా. అప్పుడు, "సరే, చెయ్యి నొప్పి. నీ మాటలకు అంతు లేదు" అనింది.

అట్ల సెప్పు తల్లీ. ఇయ్యి ఆ సెయ్యి ఇట్ల, నూనె రాస్తా. ఇది గూడా రాసేసి ఇయ్యి.