గంధం పెట్టిన కంప్యూటరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆ ఆదివారం ఆ మాట నిజం చేశాను.

అమ్మకు ఉన్నది ఒక్కతే అక్క. మహేంద్రమంగళంలో ఉండే ఆ పెద్దమ్మ జారిపడి, తుంటి విరిగి, మంచం పట్టి అప్పటికి రెండు నెలలు. అమ్మ మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కనివ్వవు. ఫోన్‌లో చూపిస్తే కంటికి ఆనదు.

"చింతగింజంత మొగం చూస్తే ఏం తెలుస్తాది పాపా? అందురూ బాగుందనే అంటారు. బాగుందో లేదో నేను చూడాల" అని రోజూ అదే పాట. ఆ దిగులుతో కంచం ముందు కూర్చుని, మెతుకులు కెలికి లేచిపోయేది.

అప్పుడు నా పాత కంప్యూటరు గుర్తొచ్చింది. నేను ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెప్పిన రోజుల్లోది. తెర పెద్దది, కెమెరా కూడా ఉంది. అప్పట్లో నెట్ వైరుతో వచ్చేది. ఇప్పుడు వైఫై పెట్టె ముందు గదిలో ఉంది, ఈ ముసలి డబ్బాకు వైఫై అందుకునే తెలివి లేదు. మా ధర్మపురి బజారులో అడిగితే దుకాణదారు వేలిగోరంత వైఫై ముక్క ఒకటిచ్చి, యూఎస్‌బీ సందులో గుచ్చితే చాలన్నాడు. సాయంత్రం ఐదింటికి తోట నుంచి రాగానే వీడియో కాల్ చేస్తానని పెద్దమ్మ కోడలు చెప్పింది. అమ్మ మూడింటికే చీర మార్చుకుని, తెర ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది.

డబ్బా వెనక సందులన్నీ కీబోర్డు, మౌసు, ప్రింటరు, కెమెరా ఆక్రమించేశాయి. ముందువైపు రెండు ఖాళీగా ఉన్నాయి. ఒకదాంట్లో గుచ్చితే ముక్క సగంలో ఆగింది. రెండోదాంట్లోనూ అంతే. తిప్పాను, నొక్కాను, తిట్టాను. దుకాణదారుకు ఫోన్ చేసి, పనికిరాని సరుకు అంటగట్టావని దులిపేశాను. ఆయన పాపం, టార్చి వేసి సందులోపల చూడమన్నాడు.

చూశాను. లోపల పసుప్పచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది, దాని మీద ఎర్రని మచ్చ. వాసన చూస్తే గంధం.

ఆయుధపూజకు మా ఇంట్లో కత్తిపీట నుంచి కుట్టు మిషను దాకా అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టేది అమ్మే.

"దీనికి ఎక్కడ పెట్టినావు?" అని అడిగాను.

"ముందర రెండు బొక్కలుండ్లా, ఆడ. నోరనుకుంటిని. ఏటేటా పెడతానే ఉండాను" అంది అమ్మ. "నీకు అన్నం పెట్టిన మిషను గదా."

ట్యూషన్లు ఆగిపోయాక నేను దుమ్ము కూడా తుడవని డబ్బాకు ఈమె ఏటా బొట్టు పెడుతోంది. సిగ్గేసింది.

కరెంటు తీసేసి, కాలిపోయిన ఊదొత్తి పుల్లతో గీకడం మొదలుపెట్టాను. అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని టార్చి పట్టుకుంది. వెలుగు గోడ మీదికి పోతుంటే, సరిగ్గా పట్టుకోమని కసిరాను.

"అరవకుండా సుమ్మా ఉండి పని చూడు" అని ఆమె నన్ను కసిరింది. రాలిన గంధం పొడిని మాత్రం చెత్తలో వేయనివ్వలేదు. కొంగులో పట్టి దేవుడి గూట్లో పెట్టింది.

ఐదవడానికి పది నిమిషాలుందనగా ముక్క లోపలికి దిగి, మళ్లీ కరెంటు ఇస్తే నీలి దీపం వెలిగింది. పాస్‌వర్డు కొట్టాక, నా తల ప్రాణం తోకకు తెచ్చి, చివరికి నెట్ పట్టుకుంది.

పెద్దమ్మ తెర నిండా వచ్చింది. "ఏమే, అన్నం తింటివా?" అంది.

అమ్మ తెర దగ్గరికి వంగి చూస్తూ ఉండిపోయింది. పెద్దమ్మ బుగ్గలు లోపలికి పోయాయి, మెడ కింద ఎముకలు తేలాయి. రెండు నెలలుగా ఫోన్‌లో చూస్తూ నేనూ గమనించలేదు.

"తింటినక్కా. నువ్వు బాగుండావు" అని అమ్మ నవ్వింది. తోటలో నీళ్లున్నాయా, ఆవు ఈనిందా అని అరగంట మాట్లాడింది.

కాల్ అయిపోయాక అమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"పాలకోడుకు పొద్దున మొదటి బస్సు ఎన్నిటికి?" అంది. పెద్దమ్మ ఊరికి పాలకోడు మీదుగానే పోవాలి.

"నీ మోకాళ్లో?"

"నువ్వు ఎక్కించు."

ఆమెను బస్సు ఎక్కించే పని లేకుండా చేద్దామనే కదా నేను ఆ డబ్బాతో కుస్తీ పట్టింది. అయినా అలారం పెట్టుకున్నాను.

పొద్దున బస్సు మెట్టు దగ్గర రెండు చంకల కింద చేతులు వేసి అమ్మను ఎత్తాను. బరువుంటుందని బలం కూడదీసుకున్నాను. అవసరం లేకపోయింది. అమ్మ ఎంత తేలికైపోయిందో అప్పుడే తెలిసింది.