ఎర్ర దీపం వెలిగేదాకా

సీతాఫల్‌మండిలో పాత కార్ల వైరింగు చేసే తుకారాం ఏ వైరు పట్టుకున్నా కళ్లు మూసుకుంటాడు. బొల్లారం జకర్యా మాస్టారి ముసలి కారులో ట్యాంకు నిండా పెట్రోలున్నా, అయిపోయిందని చెప్పే ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. సీటు కింద ఒరుసుకుపోయిన వైరు దొరికింది. టేపు చుట్టగానే దీపం ఆరింది. మాస్టారు తాళంచెవి కోసం చెయ్యి చాపారు. తుకారాం ఇవ్వలేదు. పైపు పెట్టి పెట్రోలంతా డబ్బాలోకి తీయసాగాడు. ఎవరి కారైనా అంతే. "ఆరింది కదయ్యా, ఇంకా దేనికి?" అన్నారు మాస్టారు. "ఆరితే అయిపోదు సార్. వెలగాల్సినప్పుడు వెలుగుతదో లేదో సుత చూడాలె."

ఇరవై ఏళ్ల కిందట తమ్ముడు పర్వతాలు టాక్సీకి ఇదే తక్లీఫ్ వస్తే, తుకారాం విసుగెత్తి దీపం వైరు తెంపేశాడు. "బాగైంది, తీస్కపో" అన్నాడు. వారం తిరక్కుండానే, నొప్పులు పడుతున్న భార్యను పర్వతాలు ఆస్పత్రికి తీసుకెళుతుంటే పెట్రోలు అయిపోయి టాక్సీ నడిదారిలో ఆగింది. తల్లీ దక్కలేదు, బిడ్డా దక్కలేదు. ఇప్పుడు మాస్టారి ట్యాంకు అడుగంటింది. ఎర్ర దీపం వెలిగింది. తుకారాం దాన్నే చూస్తూ కూర్చున్నాడు. "లైటు వెలిగే ఉంటదన్నా, నేనే చూస్కోలే" అని పర్వతాలు ఇప్పటికీ ఏడుస్తాడు. తుకారాం అతని వీపు నిమురుతాడు. వైరు తెంపిన మాట మాత్రం చెప్పడు.