ఇసుక నూతి నీళ్లు

మేము బాప్తిస్మం తీసుకున్న ఏడాది, ఊరి నూతి దగ్గర ఊరిపెద్ద నా కడవను తన్ని పగలగొట్టాడు. "మళ్లీ ఇటొత్తే కాళ్లిరిసేత్తాను" అన్నాడు. కొబ్బరితోట వెనక మెట్ట మీద ఇసుక తవ్వుకుని మేమే నుయ్యి చేసుకున్నాం. ఆ పెంకుల చప్పుడు మాత్రం నా చెవుల్లోంచి పోలేదు.

తర్వాత వచ్చిన తుఫానుకు సముద్రం పొంగి, ఊరి నుయ్యి ఉప్పునీళ్లయిపోయింది. ఆ పెద్దమనిషే ఖాళీ కడవతో మా నూతి దగ్గరికి వచ్చాడు. నేను ఎదురుచూసిన రోజది. చేదతాడు గట్టిగా పట్టుకుని, "ఆ కడవ ఇలాగియ్యి బాబూ, నేనూ తంతాను" అన్నాను. ఆయన తల వంచుకున్నాడు. నాకు అదీ చాల్లేదు.

మా అత్త నా చేతిలోంచి తాడు లాక్కుంది. "ఓలమ్మీ, ఆయన సేసిందే మనవూ సేత్తే, బాప్తిస్మం పుచ్చుకుని ఏటి లాబం?" అంది. తనే తోడి కడవ నింపింది. ఆయన వెనకే వచ్చిన ఊరివాళ్లందరికీ పొద్దుగూకేదాకా తోడిపోసింది.

మర్నాటికి అత్తకు చేతులు లేవలేదు. పళ్లు కొరుకుతూనే ఊరందరికీ నేనే నీళ్లు తోడిపోశాను. ఆయన ముఖం మాత్రం చూడలేదు.

ఊరి నుయ్యి బాగుపడ్డాక ఆయన భార్య వచ్చి, "మా నూతికాడికి రండి" అని పిలిచింది. అత్త కడవ తీసుకుని వెళ్లింది. నేను వెళ్లలేదు.