మధుసూదనరావు నోట హ్యూస్టన్

1999లో మధుసూదనరావు సింగపూర్‌లోని క్లెమెంటిలో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాడు గానీ, మనసులో మాత్రం హ్యూస్టన్‌లో ఇల్లు కొని, పాలు కూడా పొంగించేశాడు. తంజోంగ్ పగార్‌లో ఆయన పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీకి హ్యూస్టన్‌లో ఒక ఆసుపత్రి పని దొరికింది. మొదటి విడతలో ఇక్కణ్ణుంచి ఒక్కరినే పంపుతారట. ఆ ఒక్కరూ తానే కావాలని, నలభై మూడేళ్ళ వయసులో ఆయన మళ్ళీ పుస్తకం పట్టాడు.

పుస్తకమంటే నూట పన్నెండు కాగితాలు. అందరూ మకాన్‌కి, అంటే భోజనానికి, పోయిన వేళ చూసి ఆఫీసు ప్రింటర్ మీద తీసుకున్నవి. ఆ ఊరు దేనిమీద బతుకుతోంది, ఏ కొలువులో ఎంతమంది, చమురు ధర పడ్డప్పుడు ఎందరి ఉద్యోగాలు ఊడాయి, అన్నీ రైల్లో పెదాలు కదుపుతూ వల్లె వేసేవాడు. పక్క సీట్లోని తమిళ ముసలమ్మ జపమనుకుని ఒకసారి దణ్ణం కూడా పెట్టింది.

"ఏవండీ, పప్పులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది భార్య హైమావతి.

"ఇప్పుడక్కడ చమురు ఒక్కటే కాదు హైమా, ఆసుపత్రులే గట్టి ఆధారం."

"నేనడిగింది ఉప్పు సంగతి. ఆ ఆసుపత్రుల్లో ముందు మిమ్మల్నే చూపించాలి."

"నాన్నా, ఐ యామ్ నాట్ గోయింగ్ లా," అంది పద్నాలుగేళ్ళ కూతురు అమూల్య సింగపూర్ బడి ఇంగ్లీషులో, పళ్ళెంలోంచి తలెత్తకుండానే.

ఇంటర్వ్యూ చెయ్యడానికి హ్యూస్టన్ నుంచి వాల్టర్ అనే పెద్దమనిషి వచ్చాడు. ముందు చక్రధర్ వెళ్ళాడు, నిన్నగాక మొన్న చేరిన వరంగల్ కుర్రాడు. పది నిమిషాల్లో బయటికొచ్చేశాడు.

"ఏమడిగాడోయ్?"

"మా ఊరి గురించి ఏం తెలుసన్నడన్నా. ఏం తెల్వద్ సార్, ఎండలు మా లెక్కనే గొడ్తయంట గదా అన్న. నవ్విండు."

మధుసూదనరావుకి వాడి మీద జాలేసింది. టై సవరించుకుని లోపలికి వెళ్ళాడు.

ఇరవై అయిదు నిమిషాలు దంచాడు. సముద్రం నుంచి ఊళ్ళోకి ఓడల కోసం తవ్విన కాలువ, రసాయనాల ఫ్యాక్టరీలు, అంతరిక్ష కేంద్రం, దేన్నీ వదల్లేదు. వాల్టర్ కాఫీ చల్లారిపోయింది.

"నేను ముప్పయ్యేళ్ళుగా అక్కడే ఉంటున్నాను మిస్టర్ రావ్. ఇందులో సగం నాకు తెలీదు," అన్నాడాయన. తర్వాత కుర్చీని కిటికీ వైపు తిప్పాడు. కింద రేవులో క్రేన్లు మెడలు చాపుకుని నిలబడి ఉన్నాయి. రంగురంగుల పెట్టెలు గుట్టలుగా ఉన్నాయి.

"ఇప్పుడు మీ ఊరి సంగతి చెప్పండి. ఆ రేవుకి రోజుకెన్ని ఓడలొస్తాయి? ఏం తెస్తాయి?"

ఎనిమిదేళ్ళుగా మధుసూదనరావు టిఫిను డబ్బా పెట్టుకునేది ఆ కిటికీ గట్టు మీదే. క్రేన్లు మసకేస్తే వానొస్తుందని గొడుగు తీసుకునేవాడు. వాటితో ఆయనకున్న చుట్టరికం అంతే.

"అది... రేవండీ," అన్నాడు. "ఓడలొస్తాయి." జవాబు మరీ పొట్టిగా ఉందనిపించి, "చాలా వస్తాయి," అని కలిపాడు.

శుక్రవారం ఉత్తరాలొచ్చాయి. హ్యూస్టన్ ప్రయాణం చక్రధర్‌ది. మధుసూదనరావుకీ ఒక గౌరవం దక్కింది. ఇకమీదట హ్యూస్టన్ వెళ్ళే ప్రతివాడికీ ఆ ఊరి గురించి పాఠం చెప్పాలి. ఉద్యోగస్థలం మాత్రం సింగపూరే. అంత బాగా చెప్పేవాణ్ణి పంపేస్తే ఇక్కడ చెప్పేదెవరని వాల్టర్ రాశాడట.

ఆ రాత్రి హైమావతి బొబ్బట్లు చేసింది. ఈయన మూడు తిని, నాలుగోదానికి పళ్ళెం చాపాడు. అమూల్య మాత్రం తన సోషల్ పుస్తకం తెచ్చి ఒళ్ళో పడేసింది.

"చాప్టర్ ఫోర్ నాన్నా. పోర్ట్ అంతా ఉంది. వెరీ ఈజీ వన్ లా."

సోమవారం మధ్యాహ్నం చక్రధర్ నోటుబుక్కు పట్టుకుని వచ్చేసరికి, మధుసూదనరావు కిటికీ దగ్గర నిలబడి పెరుగన్నం తింటున్నాడు.

"క్లాసు షురూ జేద్దామా అన్నా?"

"ఆగవోయ్," అన్నాడాయన, కళ్ళు తిప్పకుండా. "ఆ ఎర్ర ఓడ ఒడ్డుకి చేరనీ. పొద్దుట్నుంచీ అది ఆరోది."